చేతుల్లేని కుర్చీ

మా పెళ్ళయ్యాక వచ్చిన మొదటి వానాకాలంలో వార్నిష్ ఆరేది కాదు. పూత వేసిన కుర్చీలు వర్క్‌షాపు నిండా వరసగా నిలబడి, ముస్తాబై వాన ఎప్పుడు తగ్గుతుందా అని చూస్తున్న మగపెళ్ళివాళ్ళలా ఉండేవి. పొరపాటున ముట్టుకుంటే వేలిముద్ర పడేది. కుర్చీలు చేసుకుని బతికే ఇంటికి అది పెద్ద బెంగే. నాకు మాత్రం లోలోపల సంబరం. మా ఆయనది పాలిష్ పని. మొదటి పూత ఆరితే కదా రెండో పూత! ఆరకపోతే ఆయనకు పని లేదు. పని లేకపోతే, "స్పిరిట్ సీసా పైన మర్చిపోయాను" అంటూ మెట్లెక్కి మా గదికి వచ్చేసేవాడు. స్పిరిట్ సీసా ఎప్పుడూ కిందే ఉండేది.

కింద వర్క్‌షాపు, పైన ఇల్లు. నాకు ఆ ఇంట్లో అన్నీ బాగుండేవి. చిత్రిక పడుతుంటే ఉంగరాలు తిరుగుతూ లేచే చెక్క చుట్టలు బాగుండేవి. వాటిని ఏరి జడలో పెట్టుకుంటే మా ఆయన నవ్వేవాడు. ఆయన చెవి వెనక ఎప్పుడూ ఓ వార్నిష్ మరక ఉండేది, అదీ బాగుండేది. ఒకే గొడుగులో ఇద్దరం వెళ్ళి ఇద్దరం తడిసి రావడం అన్నిటికంటే బాగుండేది.

మా అత్తయ్య కుర్చీలకు పేము అల్లేది. వర్క్‌షాపులో కిటికీ కింద ఆమెకో పొట్టి పీట, పక్కన నీళ్ళతొట్టిలో నానుతున్న పేము బద్దలు. ఆ కిటికీ దగ్గర ఉన్నంత వెలుతురు వర్క్‌షాపులో ఇంకెక్కడా లేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ అదే ఆమె చోటు. మామగారు పోయాక కూడా ఆ చోటే ఆమెను నిలబెట్టిందని మా ఆయన చెప్పేవాడు.

ఇక పెద్దమామయ్య. అంటే మామగారి అన్నగారు. వర్క్‌షాపు ఇద్దరన్నదమ్ములదీ అయినా, కుర్చీ మాత్రం ఒక్కరిదే. నిజమైన కుర్చీ గురించే చెప్తున్నాను. పెద్ద టేకు కుర్చీ, రెండు చేతుల చివరా సింహం తలలు. పనివాళ్ళు దాన్ని సింహాసనం అనీ, వినపడకుండా ఆయన్ని సింహంగారనీ అనేవాళ్ళు. ఎక్కడికెళ్ళినా అది ఆయన వెనకే వెళ్ళేది. మా పెళ్ళికి కూడా బండిలో వేయించుకుని వచ్చారు. పెళ్ళి ఫోటోల్లో మా ఆయన కంటే ఆ సింహాలే బాగా పడ్డాయి.

నేను చదివింది ఫిజియోథెరపీ. వీధి చివరి ఆరోగ్య కేంద్రంలో అప్పుడే ఉద్యోగం దొరికింది. ఆ వానాకాలం మాకు అప్పగించిన పని ఒకటే. అరవై దాటినవాళ్ళలో కండ కరిగిపోతున్నవాళ్ళను ముందుగా కనిపెట్టడం. వయసు మీదపడే కొద్దీ ఒంట్లో కండ చెప్పాపెట్టకుండా తగ్గిపోతుంది. పట్టు సడలుతుంది, నడక నెమ్మదిస్తుంది, రోజూ ఎక్కే మెట్లే కొత్తగా ఎత్తు పెరిగినట్టు అనిపిస్తాయి. ఓ రోజు జారిపడితే గానీ ఎవరూ పట్టించుకోరు. "ముసలితనం కదమ్మా" అని సరిపెట్టుకుంటారు. ముందే పట్టుకుంటే పోయినదాంట్లో కొంతైనా వెనక్కి తెచ్చుకోవచ్చు.

కొత్త విద్య చేతిలో ఉంటే ఊరుకుంటామా? ఇంట్లో ఎవరు దొరికితే వాళ్ళ మీదే ప్రయోగం.

"రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి ఉంగరంలా పట్టు. దాన్ని నీ పిక్క చుట్టూ పెట్టుకో. వేళ్ళు కలవకపోతే కండ ఉన్నట్టు" అని మా ఆయనకు చెప్పాను.

"నా వేళ్ళకు వార్నిష్. నీ వేళ్ళతో చూడు."

"ఎవరి వేళ్ళతో వాళ్ళే చూసుకోవాలి. రూలు."

"రూలు పెట్టినవాడికి పెళ్ళి కాలేదేమో."

వంటింటి గుమ్మంలో నిలబడి అత్తయ్య కిసుక్కున నవ్వింది. "నేనూ చూసుకుంటానుండు" అంటూ కూర్చుని తన పిక్క చుట్టూ వేళ్ళు పెట్టుకుంది. అల్లికతో పొడుగ్గా సాగిన వేళ్ళు. అవి కలిశాయి. కలిసి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. అయినా పిక్కకూ వేళ్ళకూ మధ్య ఓ పేము బద్ద దూరేంత సందు మిగిలింది.

"నా వేళ్ళు పొడుగులే" అని చీర కిందికి లాక్కుని లేవబోయింది. లేవడానికి గుమ్మం పట్టుకుంది. మెట్లెక్కేటప్పుడు ఆమె గోడ పట్టుకోవడం, పచ్చడి సీసా మూత తీయమని కొడుక్కి ఇవ్వడం నాకు అప్పుడు గుర్తొచ్చాయి. వీలు చూసుకుని నెమ్మదిగా చెప్దాంలే అనుకున్నాను.

నేను చెప్పేలోపు పెద్దమామయ్య చెప్పారు. ఆయన పద్ధతిలో.

ఆ వారంలోనే ఓ హోటలు పెట్టబోతున్న భార్యాభర్తలు కుర్చీలు చూడటానికి వచ్చారు. నేను పనికి వెళ్తూ మా ఆయనకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి దిగాను. పెద్దమామయ్య సింహాసనంలో కూర్చుని, వచ్చినవాళ్ళకు తన చేతిపట్టు చూపిస్తున్నారు. కరచాలనం చేస్తే అవతలివాళ్ళు 'అబ్బా' అనాలి, అదీ ఆయన సరదా.

"ఏమమ్మా, ఆ అల్లిక కుర్చీ ఒకటి ఇలా పట్రా" అని కేకేశారు.

అత్తయ్య పొట్టి పీట మీద ఉంది. మోకాలి మీద చెయ్యి పెట్టి లేవబోయింది. లేవలేకపోయింది. మళ్ళీ ప్రయత్నించి, ఊతం కోసం పక్కనున్న కుర్చీ కాలు పట్టుకుంది. అది పూత ఆరని కుర్చీ. చెయ్యి జారింది. ఆ కుర్చీ పక్కదాని మీదా, అది దాని పక్కదాని మీదా పడుతూ వరసంతా కూలింది. తడి వార్నిష్‌కు రంపపు పొట్టు అంటుకుంది. ఆ పొట్టులోనే అత్తయ్య కూలబడిపోయింది.

పెద్దమామయ్య నవ్వారు.

"అయిపోయిందమ్మా నీ పని! తను లేవలేని మనిషి, జనాన్ని కూర్చోబెట్టే కుర్చీలేం అల్లుతుంది? ఇక చాల్లే. పైకెళ్ళి చేతులు కట్టుకుని కూర్చో."

ఆయన నవ్వారు కాబట్టి పనివాళ్ళు నవ్వారు. పనివాళ్ళు నవ్వారు కాబట్టి హోటలువాళ్ళు మర్యాదకు నవ్వారు. మా ఆయన నవ్వలేదు గానీ, నోరూ విప్పలేదు. పాలిష్ డబ్బాలో ఏదో పడిపోయినట్టు అందులోకే చూస్తున్నాడు. నేను వెళ్ళి అత్తయ్యను లేపాను. మనిషి కాదు, నానబెట్టిన పేము బద్ద ఒకటి నా చేతికి వచ్చినట్టుంది. అంత తేలిక. జుట్టు నిండా రంపపు పొట్టు.

మధ్యాహ్నం నేను తిరిగొచ్చేసరికి కిటికీ దగ్గర సింహాసనం ఉంది. అత్తయ్య నీళ్ళతొట్టి బయట వానలో ఉంది.

"ఇక్కడ గాలి బాగా తగుల్తుందమ్మాయ్" అన్నారు పెద్దమామయ్య, నేను అడక్కపోయినా. అని, లేచారు.

ఆ లేవడం నేను చూశాను. రెండు అరచేతులూ రెండు సింహం తలల మీద ఆన్చారు. ముందుకు ఊగారు, వెనక్కి ఊగారు, మళ్ళీ ముందుకు ఊగి 'హుఁ' అని మూలిగి లేచారు. మా ఆయన పాలిష్ కంటే ఆ అరచేతులే సింహాల తలలకు ఎక్కువ మెరుపు తెచ్చాయి. కళ్ళూ ముక్కూ అరిగిపోయి, అవి సింహాలో గుండ్రాళ్ళో తెలియకుండా ఉన్నాయి. ఆయన్ని లేపింది కాళ్ళు కాదు, చేతులు. పొట్ట, బుగ్గలు, గొంతు, అన్నీ నిండుగా ఉన్న మనిషి. ఆ నిండుదనం కింద ఏమీ లేదు.

నేను నవ్వొస్తే ఆపుకోలేని మనిషిని. ఆ రోజు నవ్వాను. కానీ అది నాకు అలవాటైన నవ్వు కాదు.

పైన అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను పక్కన కూర్చుని ఆమె జుట్టులోంచి పొట్టు ఏరుతూ, కండ సంగతి మొత్తం చెప్పాను. ఇది ముసలితనం ఒక్కటే కాదని, తిండితో, కసరత్తుతో మార్చుకోవచ్చని.

"ఇంకా ఎందుకమ్మా, పదిమందిలో పడిపోయాను కదా. ఇప్పుడు కండ తెచ్చుకుని ఎవరికి చూపించను?"

"పరీక్ష చాలా తేలికత్తయ్యా. చేతుల్లేని కుర్చీలో కూర్చోవాలి. గుండెల మీద చేతులు కట్టుకోవాలి. కట్టుకునే లేవాలి, కూర్చోవాలి, మళ్ళీ లేవాలి. అంతే."

అత్తయ్య ఇటు తిరిగింది.

"ఏం కట్టుకోవాలన్నావ్?"

"చేతులు."

"ఆ మాట ఇంకోసారి చెప్పు."

"చేతులు కట్టుకుని లేవాలి."

ఆమె కళ్ళలో పొద్దుటి నుంచీ లేని వెలుతురు ఒకటి వచ్చింది. "మీ పరీక్ష అరవై దాటిన వాళ్ళందరికీనా?"

"అందరికీ."

"బావగారికి కూడా?"

"పెద్దమామయ్యకి ముందుగా చెయ్యాలి అసలు" అన్నాను. ఆయన ఎలా లేస్తారో చెప్పాను. ఊగి చూపించాను. 'హుఁ' అని మూలిగాను.

అత్తయ్య లేచి కూర్చుంది. "పదిమందిలో చేస్తావా?"

గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. ఈసారి స్పిరిట్ సీసా సాకు కూడా చెప్పలేదు. "అమ్మా, పెదనాన్న పరువు పోతుంది" అన్నాడు.

"నా పరువు ఏ రంపపు పొట్టులో పడిందో ముందు వెతికి తీసుకురా. తర్వాత మీ పెదనాన్నది చూద్దాం."

"అది కాదమ్మా..."

"ఆ కిటికీ నాది. నాకు ఆ కిటికీ కావాలి. ఇచ్చినట్టు కాదు, నేను తీసుకున్నట్టు కావాలి."

మర్నాడు మా ఆయన చేతుల్లేని కుర్చీ చట్రం ఒకటి భుజాన వేసుకుని మెట్లెక్కాడు. దానికి ఉప్పుకాగితం రుద్ది రుద్ది, అద్దంలా నున్నగా చేసి తెచ్చాడు. నోరు విప్పలేని మగవాడు క్షమించమనడం అలాగే ఉంటుందని నాకప్పుడు తెలిసింది. నేను ఆయన చెవి వెనక మరక మీద ముద్దు పెట్టాను. అత్తయ్య చూడనట్టు నటించి, చట్రానికి పేము అల్లడం మొదలుపెట్టింది.

ఆ అల్లిక నేను చూసిన వాటిలో అన్నిటికంటే బిగువైనది. బద్ద లాగినప్పుడల్లా పళ్ళు కొరికేది. "మెత్తగా ఉండకూడదు. కూర్చున్నవాడు దిగబడితే సాకు దొరుకుతుంది" అనేది.

తర్వాత మా కసరత్తు మొదలైంది. మొదట్లో కుర్చీ మీద దిండు వేశాను, ఎత్తు పెరిగితే లేవడం తేలిక కాబట్టి. అయినా మొదటి రోజు తొడలు వణికి కూర్చుండిపోయింది.

"లెక్కపెట్టండత్తయ్యా, ఊపు వస్తుంది."

"లెక్కతో ఊపు రాదమ్మా నాకు. తిడతాను."

ఒక్కో లేవడానికి ఒక్కో తిట్టు. మా ఇంట్లో పెద్దమామయ్యను 'గారు' లేకుండా తలుచుకోవడం ఎవరికీ రాదు, తిట్టేటప్పుడు కూడా.

"బావగారి నోట మన్ను పడ!" లేచింది. కూర్చుంది.

"బావగారి సింహాలకు చెదలు పట్ట!" లేచింది.

"పెళ్ళైన కొత్తలో నా అల్లిక చూసి, కోడిపెట్ట గీకినట్టుందన్న బావగారికి..." ఇక్కడ ఊపిరి చాలక కూర్చుని, ఊపిరి వచ్చాక వడ్డీతో సహా పూర్తి చేసింది.

రోజూ గుడ్లు ఉడకబెట్టి పెట్టేదాన్ని. పాలగ్లాసు చూస్తే మొహం తిప్పుకునే మనిషి, "ఇది బావగారి కోసం" అని గటగటా తాగేసేది. వంటగట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేచేది. నీళ్ళ సీసాలు రెండు చేతులతో ఎత్తేది. నేను పనికెళ్తే మా ఆయన పక్కన నిలబడేవాడు. వాళ్ళమ్మకు తిట్లు కరువైనప్పుడు తనే అందించేవాడని ఒక మధ్యాహ్నం మెట్ల మీంచి విన్నాను. "నాకు చెక్కబొమ్మని పేరు పెట్టారమ్మా పెదనాన్న" అంటున్నాడు పాపం. అమ్మ లేచింది, కొడుకు చప్పట్లు కొట్టాడు. నేను తడి గొడుగు పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను. కుట్ర పన్నే ఇల్లు ఎంత కళకళలాడుతుందో నాకు తెలియదు అప్పటిదాకా.

కింద కిటికీ దగ్గర మాత్రం సింహాసనమే ఉండేది. పెద్దమామయ్య గాలికి కూర్చుని కునుకు తీసేవారు. అల్లిక పని బయటికి ఇచ్చారు. అది వదులుగా వచ్చేది. కూర్చుంటే కిర్రుమనేది. ఆ కిర్రు పైకి వినపడినప్పుడల్లా అత్తయ్య ఇంకోసారి లేచేది.

మేం దిండు మార్చి పల్చటిది వేశాం. తర్వాత మడతపెట్టిన దుప్పటి. ఓ పొద్దున ఆమే దుప్పటి లాగేసి పక్కన పడేసింది. ఉత్త అల్లిక మీద కూర్చుని, చేతులు కట్టుకుని, మాట్లాడకుండా లేచింది.

"తిట్టలేదేం?" అన్నాను.

"దాచుకుంటున్నాను."

వానలు పలచబడ్డాక మా కేంద్రం వాళ్ళు వర్తకుల సంఘం హాల్లో పెద్ద శిబిరం పెట్టారు. పెద్దవాళ్ళకు పరీక్షంటే సిగ్గు. "పేరున్న పెద్దమనిషి ఎవరైనా మొదట చేయించుకుంటే మిగతావాళ్ళు ధైర్యంగా వస్తారు" అంది మా డాక్టరమ్మ.

"మా పెద్దమామయ్య ఉన్నారండీ" అన్నాను, ఎంతో వినయంగా.

ఆయన ఎగిరి గంతేశారు. అంటే, సింహాల మీద చేతులు ఆన్చి గంతేశారు. "నాకు పరీక్షా? నా చేతిపట్టు చూస్తే మీ మిషన్లు పగుల్తాయమ్మాయ్" అన్నారు.

"కుర్చీలు మన షాపువే పంపిద్దాం మామయ్యా. పేరొస్తుంది."

"పంపు, పంపు."

నేను ఒకటే పంపాను.

హాలు నిండిపోయింది. ముందు వరసలో వర్తకులు, వెనక మా వీధి పెద్దవాళ్ళు, పక్కన మా పనివాళ్ళు. తలుపు దగ్గర అత్తయ్య. మా ఆయన వేదిక మీదికి నేనడిగిన కుర్చీ తెచ్చి పెట్టి, నా వైపు చూడకుండా దిగిపోయాడు. చూస్తే ఇద్దరికీ నవ్వొస్తుందని భయం.

మొదట చేతిపట్టు పరీక్ష. పెద్దమామయ్య మిషను పిడి పట్టుకుని, మొహం కందిపోయేలా నొక్కారు. ముల్లు కాస్త పైకి లేచి, అక్కడితో బద్ధకించింది. అది ఎంతలో ఆగాలో, ఎంతలో ఆగిందో నేను పైకి చదవలేదు. ఆయనే చూసుకున్నారు.

"ఈ మిషను పాడైంది. మార్చండి."

"తర్వాతది కుర్చీ పరీక్ష మామయ్యా."

"ఆఁ, అదీ మాట! మిషను అబద్ధం చెప్తుందేమో గానీ, మా షాపు కుర్చీ అబద్ధం చెప్పదు" అని మైకులో అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

వేదిక మీద ఓ పక్కన తెర కట్టి ఉంది. దాన్ని చూపించాను. ఇది నేను చెయ్యాల్సిన పని, చేశాను. "తెర వెనక చేద్దామా?"

"తెరెందుకమ్మాయ్? నేనేమన్నా నీలా కొత్త పెళ్ళికూతుర్నా?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన ఆ మాటే అంటారని నాకు తెలుసు.

ఆయన కూర్చున్నారు. అల్లిక కిర్రుమనలేదు.

"చేతులు కట్టుకోండి మామయ్యా."

"ఏంటీ?"

"గుండెల మీద. ఇలా. చేతులు కట్టుకుని కూర్చోండి."

ఆయన నా మొహంలోకి చూశారు. ఎక్కడో విన్న మాటలా అనిపించి ఉంటుంది. తన మాట తనకు గుర్తుండాలని ఏముంది, అన్నవాళ్ళకు గుర్తుండదు. నెమ్మదిగా చేతులు కట్టుకున్నారు. పనివాళ్ళలో ఒకడు పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. వాళ్ళు ఆయన ముందు రోజూ నిలబడేది అలాగే.

"ఇప్పుడు లేవండి."

ముందుకు ఊగారు. వెనక్కి ఊగారు. మళ్ళీ ముందుకు ఊగారు. కట్టుకున్న చేతులు విడిపోయి, రెండు పక్కలా సింహాల కోసం వెతికాయి. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు.

ఎవరి చేతిలోంచో ఖాళీ టీ కప్పు జారి, నేల మీద దొర్లుకుంటూ పోయింది. అది ఆగేదాకా అందరూ దాన్నే చూశారు, ఆయన్ని చూడకుండా ఉండటానికి.

అత్తయ్య తలుపు దగ్గర నుంచి వచ్చింది. వేదిక మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కింది. దాచుకున్న తిట్టు ఇప్పుడు పైకి తీస్తుందనుకున్నాను. ఆమె చెయ్యి చాపింది.

"పట్టుకోండి బావగారూ. పేము అల్లిన చెయ్యే, ఊడదు."

ఆయన పట్టుకోలేదు. ఆమె చాపిన చెయ్యి తియ్యలేదు. ఇంకో దారి లేక ఆయన పట్టుకున్నారు. ఆమె కాలు నిలదొక్కుకుని లాగింది. ఆయన లేచారు. లేచాక ఆ చెయ్యి ఎలా వదలాలో తెలియలేదు.

అప్పుడు అత్తయ్య అదే కుర్చీలో కూర్చుంది. హాలు వైపు తిరిగి, చేతులు కట్టుకుంది. లేచింది. కూర్చుంది. లేచింది. తొందరేమీ లేదు. ఆమె పెదవులు కదలడం నాకు మాత్రమే కనపడింది. ఏం తిట్టిందో నేను మీకు చెప్పను. మా డాక్టరమ్మ చప్పట్లు మొదలుపెట్టింది. వెనక వరసల్లో పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి వేదిక వైపు రావడం మొదలుపెట్టారు.

డాక్టరమ్మ పెద్దమామయ్యను తెర వెనక కూర్చోబెట్టి మందులాంటి మాట ఒకటి చెప్పింది. రోజూ చేతుల్లేని కుర్చీలో కూర్చుని లేవాలి, ఎవరైనా పక్కనుండి చూడాలి, మానేస్తే పడటం ఖాయం.

"ఎవరో ఎందుకండీ, నేను చూస్తాను" అంది అత్తయ్య. "ఇంట్లో మనిషిని."

పెద్దమామయ్య కొన్నాళ్ళు కిందికి దిగలేదు. ఆ రోజుల్లోనే ఎండ వచ్చింది, వార్నిష్ ఆరడం మొదలైంది. మా ఆయన పూతల మీద పూతలు వేస్తూ పైకి రావడమే మానేశాడు. నేనే స్పిరిట్ సీసా వంకతో కిందికి వెళ్ళాల్సి వచ్చేది.

ఒక పొద్దున వెళ్ళేసరికి రంపం చప్పుడు. అత్తయ్య సింహాసనం పక్కన నిలబడి ఉంది. మా పెద్దవడ్రంగి చెమటలు కక్కుతున్నాడు.

"అమ్మా, ఇంకోసారి ఆలోచించండి. సింహంగారు... పెద్దయ్యగారు నన్ను కోసేస్తారు."

"డాక్టరమ్మ చెప్పిందయ్యా, చేతులుండకూడదని. నేనేమన్నా సొంతంగా చెప్తున్నానా? కొయ్యి. అంచుకు కొయ్యి, మొండి మిగలకూడదు. పట్టుకుంటారు."

రెండు చేతులూ కింద పడ్డాయి. గుండ్రాళ్ళలాంటి ఆ తలలను అత్తయ్య ఒళ్ళోకి తీసుకుని, ఉప్పుకాగితం ఇమ్మని కొడుకును అడిగింది.

పెద్దమామయ్య దిగేటప్పటికి నీళ్ళతొట్టి కిటికీ కిందికి వచ్చేసింది. సింహాసనం వర్క్‌షాపు మధ్యలో, అందరికీ కనపడేలా, చేతుల్లేకుండా ఉంది. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగారు. పనివాళ్ళు చిత్రికలు ఆపారు. ఆయన అరుస్తారని నేను చెవులు మూసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన కూర్చున్నారు.

"కట్టుకోండి" అంది అత్తయ్య, అల్లిక మీంచి తలెత్తకుండా.

ఆ రోజు మా ఆయన ఒక చెయ్యీ నేను ఒక చెయ్యీ వేస్తే గానీ లేవలేదు. దిండు వేద్దామంటే అత్తయ్య వద్దనలేదు. కాకపోతే తనకు వేసినదాని కంటే పల్చటిది తెచ్చింది. మర్నాడు మళ్ళీ. ఆ మర్నాడు మళ్ళీ. షాపు తెరవగానే ముందు అదే. కొనడానికి వచ్చినవాళ్ళుంటే వాళ్ళ ముందే. "ఇంకోటి, బావగారూ" అనేది తీయగా. ఆయన చెమట తుడుచుకుంటుంటే, "ఇంకోటి." గుడ్లు మాత్రం ఒక్కరోజు కూడా తప్పకుండా పంపేది.

వానాకాలం పూర్తిగా వెళ్ళిపోయేసరికి ఆయన ఊగకుండా లేస్తున్నారు. 'హుఁ' అనడం కూడా మానేశారు. నేనొకసారి జాలిపడి, "ఇప్పుడు బాగానే లేస్తున్నారుగా అత్తయ్యా, అందరి ముందూ చేయించడం ఆపేద్దామా?" అన్నాను.

"కండ సంగతి నీకు తెలుసమ్మాయ్. కడుపుమంట సంగతి నాకు తెలుసు. మానితే కరిగిపోయేది కండ ఒక్కటే."

ఆ మర్నాడు పొద్దున ఆయన హుషారుగా దిగి వచ్చారు. కిటికీలోంచి ఎండ అత్తయ్య ఒళ్ళో పడుతోంది. ఆమె కాళ్ళ కింద ఓ కొత్త పీట ఉంది. పొట్టిది, నున్నగా పాలిష్ చేసినది, రెండు పక్కలా అరిగిపోయిన గుండ్రటి తలలు. వాటి మీద ఆమె మడమలు హాయిగా ఆనించి ఉన్నాయి. పెద్దమామయ్య ఆ పీటను చూశారు. తర్వాత మధ్యలో ఉన్న కుర్చీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు.

అత్తయ్య తలెత్తలేదు.

ఎవరూ చెప్పకుండానే ఆయన చేతులు కట్టుకున్నారు.